మందారం చార్టు, మామిడి పూత: కాబోయే ప్రాథమిక ఉపాధ్యాయుల మనసులో సైన్స్

జనవరి నెలాఖరు. జి. కొండూరు మండలంలో ఒక ప్రాథమిక పాఠశాల, నాలుగో తరగతి. ఊరి చుట్టూ తోటలన్నీ పూత మీదున్నాయి. ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన డీఎడ్ అమ్మాయి పువ్వులో భాగాలు చెబుతోంది. రాత్రి చాలాసేపు కూర్చుని వేసుకొచ్చిన చార్టు గోడకు వేలాడుతోంది. ఎర్ర మందారం, రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు, కేసరాలు, అండకోశం, ఒక్కోదానికీ ఒక బాణం గుర్తు. బొమ్మ ముచ్చటగా కుదిరింది. మూడో వరసలో కూర్చున్న పాప చేతిలో, దారిలో ఏరుకొచ్చిన మామిడి పూత రెమ్మ ఒకటి ఉంది. "టీచర్, ఇన్ని పూలున్నాయి గదా, మరి గుత్తికి ఒకటో రెండో కాయలే నిలుస్తాయేం?" అని అడిగింది. అమ్మాయి ఒక్క క్షణం ఆగి, వెనక బల్ల మీదున్న నా వైపు చూసి, "మంచి ప్రశ్న అడిగావు, తర్వాత చెప్పుకుందాం. ముందు భాగాల పేర్లు రాసుకోండి" అంది. పాప రెమ్మను సంచిలో పెట్టేసుకుంది.

బడి వదిలాక ఆ అమ్మాయే నా దగ్గరికొచ్చింది. "సార్, ఆ పాప అడిగినదానికి నాకు జవాబు తెలీదు. నాది ఇంటర్లో హెచ్‌ఈసీ. టెన్త్‌తోనే సైన్స్ వదిలేశాను. అదంటే మొదట్నించీ భయమే" అంది. మాటల్లో తెలిసింది, వాళ్ల నాన్న మైలవరం వైపు తోటలు గుత్తకు పడతాడట. మంచు ఎక్కువ పడితే పూతకేమవుతుందో, మందు ఎప్పుడు కొట్టాలో, ఏ చెట్టు ఏడాది విడిచి ఏడాది కాస్తుందో ఇంట్లో భోజనాల దగ్గర వింటూ పెరిగిన పిల్ల. తనకు సైన్స్ రాదని ఆ పిల్ల గట్టిగా నమ్ముతోంది.

ఒక తరగతి గది, ఒక అమ్మాయి, ఒక ప్రశ్న. దీన్నుంచి సిద్ధాంతం లాగడం తప్పు. అయితే ఇలాంటి సంఘటన మనల్ని ఒక ప్రశ్న దగ్గరికి తీసుకెళ్తుంది: ప్రాథమిక బడిలో చెప్పబోయే ఛాత్రోపాధ్యాయులు సైన్స్ గురించి నిజంగా ఏమనుకుంటారు, ఆ అనుకోవడం దేని మీద ఆధారపడుతుంది, అది మారుతుందా? ఈ విషయం మీద ప్రపంచంలో నలభై యాభై ఏళ్లుగా పని జరుగుతోంది. దాంట్లో మన మామిడి తోటల సీమకు పనికొచ్చేదేమిటో, తొందరపడి తెచ్చుకోకూడనిదేమిటో వేరుచేసి చూడటమే ఈ వ్యాసం పని.

"సైన్స్ అంటే ఇష్టమా, భయమా" అని అడిగితే ఒక్క మాటలో జవాబొస్తుంది. దాన్ని నమ్ముకుంటే ముందుకు పోలేం. 1990లో అమెరికాలో ఎనోక్స్, రిగ్స్ అనే పరిశోధకులు శిక్షణలో ఉన్నవాళ్ల కోసం ఒక ప్రశ్నావళి తయారుచేశారు. 23 వాక్యాలు, ఒక్కోదానికి ఐదు మెట్ల జవాబు. దాంట్లో వాళ్లు రెండు సంగతులను విడదీశారు. నేను సైన్స్ చెప్పగలనన్న నమ్మకం ఒకటి. బాగా చెబితే పిల్లలు నేర్చుకుంటారన్న నమ్మకం రెండోది. మొదటిది లేకుండా రెండోది ఉండొచ్చు. "మంచి టీచర్ దొరికితే పిల్లలకొస్తుంది, ఆ మంచి టీచర్ని నేను కాను" అనుకునేవాళ్లు ఆ కోవలోకే వస్తారు. 2013లో నెదర్లాండ్స్ నుంచి వాన్ ఆల్డరెన్-స్మీట్స్, వాల్మా వాన్ డర్ మోలెన్ దీన్ని మరింత విడగొట్టారు. సైన్స్ చెప్పడం ఎంత అవసరమనుకుంటున్నారు, ఎంత కష్టమనుకుంటున్నారు, ఆడవాళ్లకూ మగవాళ్లకూ తేడా ఉందనుకుంటున్నారా, చెప్పేటప్పుడు సంతోషమా, ఆందోళనా, తమ మీద తమకు నమ్మకమెంత, సామాను, టైము లాంటి బయటి వాటి మీద ఎంత ఆధారపడుతున్నామనుకుంటున్నారు: ఇలా ఏడు పాయలు. ఒకే మనిషికి సైన్స్ మీద గౌరవమూ దాన్ని చెప్పాలంటే వణుకూ కలిసే ఉండొచ్చని ఈ విభజన గుర్తుచేస్తుంది. నాకు ఇందులో అన్నిటికంటే విలువైన సంగతి అదే.

మన దగ్గర ఈ ఛాత్రోపాధ్యాయులు ఎవరు? 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకొక డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) పెట్టాలన్న పథకం వచ్చింది. ఉమ్మడి కృష్ణా జిల్లాకు అది అంగలూరులో, వరి పొలాల మధ్య ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో జి. కొండూరు ఎన్టీఆర్ జిల్లాలోకి, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. అయినా మెట్ట పిల్లలూ డెల్టా పిల్లలూ కలిసి చదివిన చోటు అదే. రెండేళ్ల డీఎడ్ కోర్సులోకి ఇంటర్ ఏ గ్రూపు వాళ్లైనా రావచ్చు. బైపీసీ, ఎంపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ అంతా ఒకే గదిలో కూర్చుంటారు. బయటికొచ్చాక ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్)గా ప్రాథమిక బడిలో అన్ని సబ్జెక్టులూ చెప్పాల్సిందే. తెలుగు బాగా వచ్చిన టీచర్ తెలుగే చెబుతానంటే కుదరదు. మూడు నుంచి ఐదు తరగతుల్లో సైన్స్ "పరిసరాల విజ్ఞానం" పేరుతో సాంఘిక శాస్త్రంతో కలిసి ఉంటుంది. ప్రాథమిక తరగతులు చెప్పడానికి బీఎడ్ సరిపోదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చాక, ఈ డిప్లొమా పిల్లల మీద భారం ఇంకా పెరిగింది. 2025 మెగా డీఎస్సీ ఉపాధ్యాయ నియామకాల్లో మొత్తం 16,347 పోస్టులుంటే వాటిలో ఆరు వేలకు పైగా ఎస్‌జీటీవి. వాళ్ల తరగతుల్లోని పిల్లలు సైన్స్‌ను మొదటిసారి ఎవరి గొంతులో వింటారన్నది చిన్న సంగతి కాదు.

ఇక్కడ ఉపాధ్యాయ అర్హత పరీక్ష, టెట్ సంగతి చెప్పుకోవాలి. పేపర్-1లో 150 మార్కులుంటే పరిసరాల విజ్ఞానానికి 30. ఆ ముప్పైని బిట్లు బిట్లుగా చదువుకుని తెచ్చుకోవచ్చు. ఏ విటమిన్ లోపిస్తే ఏ జబ్బు, ఏ గ్రహానికి ఎన్ని ఉపగ్రహాలు, బిట్టుకు బిట్టు. ఇది తప్పని అనను. ఉద్యోగం కావాలి, ఇంట్లో వాళ్లు ఎదురుచూస్తుంటారు. కానీ బిట్లు బాగా వచ్చిన మనిషికి పిల్ల వేసే ప్రశ్న దగ్గర ధైర్యం ఉంటుందనుకోవడానికి ఆధారం బలంగా లేదు. 2000లో తారిక్ టోసున్ అమెరికాలో కాబోయే ప్రాథమిక ఉపాధ్యాయుల మీద చేసిన చిన్న అధ్యయనంలో, అంతకుముందు సైన్స్ కోర్సుల్లో తెచ్చుకున్న మార్కులకూ సైన్స్ చెప్పగలమన్న నమ్మకానికీ పెద్దగా పొంతన కనిపించలేదు. మంచి మార్కులొచ్చినవాళ్లు కూడా సైన్స్ గురించి చెప్పమంటే విసుగూ భయమూ నిండిన మాటలే వాడారు. అది చిన్న గుంపు, వేరే దేశం. సబ్జెక్టు తెలియడం అనవసరమని దాని అర్థం కాదు. సబ్జెక్టు తెలిస్తే భయం దానంతటదే పోతుందన్న మన నమ్మకాన్ని మాత్రం అది నిలదీస్తుంది.

భయపడే టీచర్ ఏం చేస్తారన్నదానికి స్కాట్లాండ్ నుంచి విన్ హార్లెన్, కొలిన్ హోల్‌రాయిడ్ 1990లలో చేసిన పని ఇప్పటికీ చదవదగ్గది. ధైర్యం చాలని ప్రాథమిక టీచర్లు పాఠం మానేయరు. తెలిసిన భాగానికి ఎక్కువ టైమిచ్చి, తెలియనిదాన్ని పైపైన దాటిస్తారు. భౌతిక శాస్త్రం తగ్గించి జీవశాస్త్రం వైపు మొగ్గుతారు. పుస్తకాన్నీ రాత పనినీ ఎక్కువగా పట్టుకుంటారు. చర్చకు, ప్రశ్నలకు చోటు తగ్గిస్తారు. చూడ్డానికి తరగతి సవ్యంగానే నడుస్తుంది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లకు లోపం కనబడదు. "తర్వాత చెప్పుకుందాం, ముందు పేర్లు రాసుకోండి" అన్న మాట విన్నప్పుడు నాకు ఆ పరిశోధనే గుర్తొచ్చింది. అయితే మనం జాగ్రత్త పడాల్సిన చోటు కూడా ఇదే. మన టీచర్ ప్రశ్నను పక్కన పెట్టడానికి భయం ఒక్కటే కారణం కాకపోవచ్చు. లెసన్ ప్లాన్‌లో రాసింది నలభై నిమిషాల్లో అవగొట్టాలి. వెనక పరిశీలకుడు కూర్చున్నాడు. రికార్డు మీద సంతకం కావాలి. ఆ రోజు వెనక కూర్చున్న పరిశీలకుణ్ని నేనే. అమ్మాయి తడబాటులో నా వాటా ఎంతో నేను తీసిపారేయలేను.

ఈ భయం ఎక్కడ మొదలవుతుంది? డాన్ లోర్టీ 1975లో అమెరికా ఉపాధ్యాయుల మీద రాసిన పుస్తకంలో ఒక సంగతి చెప్పాడు. ఏ వృత్తిలోనూ లేనట్టు, టీచర్ కాబోయేవాళ్లు శిక్షణకు రాకముందే పన్నెండు పదమూడేళ్లు టీచర్లను చూస్తూ గడుపుతారు. ఎలా చెప్పాలో అప్పుడే ఒంటబడుతుంది. మన పిల్లలు ఆ ఏళ్లలో చూసింది చాలావరకు నోట్సు, గైడు, ప్రశ్న-జవాబు. ప్రయోగశాల ఉన్నా తాళం తీసింది తక్కువ. నేను చదివిన బడిలో సూక్ష్మదర్శిని బీరువాలో ఉండేది. ఐదేళ్లలో దాన్ని ఒక్కసారే, అదీ కిటికీలోంచి చూశాను. డైట్‌లో రెండేళ్లూ "కృత్యాధార బోధన" అని చెబుతారు. నిజానికి అది మన రాష్ట్రానికి కొత్త కాదు. 1980లలోనే బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచి, పని చేస్తూ నేర్చుకోవడం గురించి ఊరూరా టీచర్లకు శిక్షణ ఇచ్చింది. పన్నెండేళ్లు చూసినదాన్ని రెండేళ్లు విన్నది మార్చగలదా అన్నది, లోర్టీని చదివినవాళ్లకు తేలిగ్గా జవాబు దొరికే ప్రశ్న కాదు.

భాష గురించి కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే దిగుమతి ప్రశ్నావళులు పట్టుకోలేని భయం ఇక్కడ ఉంది. మన ఛాత్రోపాధ్యాయులు సైన్స్‌ను మూడు తెలుగుల్లో, ఒక ఇంగ్లీషులో కలుస్తారు. ఇంట్లో పూత, పిందె, పిందె రాలడం, తేనెమంచు, మాగబెట్టడం. పుస్తకంలో ఆకర్షణపత్రాలు, పరాగ సంపర్కం, కిరణజన్య సంయోగక్రియ. కోచింగ్‌లో రెంటినీ కుదించిన బిట్టు భాష. ఇప్పుడు ఎడమ పేజీ ఒక భాషలో, కుడి పేజీ ఇంకో భాషలో ఉండే ద్విభాషా పుస్తకాలొచ్చాక ఫోటోసింథసిస్, పాలినేషన్ కూడా. అమ్మాయి "సైన్స్ రాదు" అంటే ఏది రాదంటోంది? నా అనుమానం, ఆమె భయపడేది పేర్లకు. పిల్లల ముందు పేరు తప్పుగా పలికితే నవ్వుతారని. ఇది అనుమానమే, అడిగి తేల్చుకోవాల్సిన సంగతి. సైన్స్‌ను ఇంటి తెలుగులో చెప్పడం కుదరదన్నవాళ్లకు మాత్రం జవాబు ఈ సీమలోనే ఉంది. నూజివీడుకు దగ్గరి విస్సన్నపేటలో 1927లో పుట్టిన నండూరి రామమోహనరావు జీవపరిణామం మీద "నరావతారం", ఖగోళం మీద "విశ్వరూపం" రాశారు. సైన్స్ చదవని వాళ్లు కూడా వాటిని కథల్లా చదివారు. డైట్ లైబ్రరీలో ఈ రెండూ బీరువాలో కాకుండా బల్ల మీద ఉండాలని నా కోరిక.

ఇప్పుడు పూత దగ్గరికి వద్దాం. మామిడి పూగుత్తిలో వందల పూలు, ఒక్కోసారి వేలల్లో ఉంటాయి. పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దంతో చూస్తే రెండు రకాలు కనిపిస్తాయి. కొన్నిటి నడుమ ఆవగింజకన్నా చిన్న పచ్చటి గుండ్రం ఉంటుంది, అది అండాశయం. కొన్నిటికి అది ఉండదు, అవి మగపూలు. అన్నీ విచ్చుకున్నా కాయయ్యేది పచ్చ గుండ్రం ఉన్నదే. దాని మీదకు పుప్పొడి చేరాలి, ఆ పని ఎక్కువగా చేసేవి ఈగలు. చేరినా మంచు, తెగులు, పురుగు, నీటి ఎద్దడి, చెట్టు మోయగల బరువు, ఇవన్నీ దాటాలి. మొత్తం పూలలో నూటికొకటి కూడా చివరిదాకా నిలవదు. మగపూలు ఎన్ని ఉంటాయన్నది మామిడి రకాన్ని బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుంది. ఆ పాప అడిగిన ప్రశ్న మీద నూజివీడులో మామిడి పరిశోధన కేంద్రం పెట్టుకుని శాస్త్రజ్ఞులు పనిచేస్తున్నారు. మందారం చార్టు ముందు అది పాఠానికి అడ్డొచ్చిన ప్రశ్న అయింది.

అలాంటి ప్రశ్నలు ఈ మండలంలో ఇంకా ఉన్నాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ చాలా భాగం మునిగింది. ఆ నీటిని కృష్ణలోకి మళ్లించే రెగ్యులేటర్ ఉన్న వెలగలేరు ఈ మండలంలోదే. మళ్లింపు కాలువకు గండ్లు పడ్డది కవులూరు వైపే. గండ్లు పూడ్చడానికి సైన్యం దిగడం పిల్లలు కళ్లారా చూశారు. కొల్లేరుకు పోవాల్సిన వాగు ఊళ్లమీదికెందుకొచ్చింది, కృష్ణలో నీటిమట్టం ఎత్తుగా ఉంటే కాలువలో ఏమవుతుంది అన్నవి వాళ్లకు పుస్తకం ప్రశ్నలు కావు. మాగబెట్టడం సంగతీ అంతే. ఒకే రకం, ఒకే రోజు కోసిన పచ్చికాయలను రెండు అట్టపెట్టెల్లో పెట్టి, ఒకదాంట్లో మాత్రం ఒక పండిన కాయ కలిపితే ఏ పెట్టె ముందు పండుతుందో చూడొచ్చు. పండు వదిలే ఇథిలీన్ వాయువు పని అది. కార్బైడ్ పొట్లం ఎసిటిలీన్‌తో అదే పని దొంగతనంగా చేయిస్తుంది. అందుకే అది నిషేధం. మామూలు అట్టపెట్టెలు చాలు.

ఇక్కడ నన్ను నేనే ఆపుకోవాలి. తోటలో పెరిగిన పిల్లకు సైన్స్ వచ్చినట్టే అనడం పొగడ్త, నిజం కాదు. ఏ మందు కొట్టాలో తెలియడం ఒకటి, ఆ మందు పనిచేసిందో లేదో కొట్టని చెట్టుతో పోల్చి చూడటం ఇంకొకటి. రెండోది నేర్పాలి. నేను చెప్పగలిగింది ఇంతవరకే: ఆమెకున్నది లెక్కలోకి రాని తెలివి, ఆ తెలివిని శిక్షణ ఎప్పుడూ పిలిచి అడగలేదు.

భయం తగ్గుతుందా? తగ్గిన దాఖలాలున్నాయి, మితంగా. ఆస్ట్రేలియాలో డేవిడ్ పామర్ 2002లో, సైన్స్ అంటే పడదంటూ వచ్చి ఒక కోర్సు ముగిసేసరికి మనసు మార్చుకున్న కొద్దిమంది ఛాత్రోపాధ్యాయులతో మాట్లాడాడు. వాళ్లు చెప్పినవాటిలో పాఠం చెప్పిన మనిషి తీరు, చేయించిన పనులు ముందున్నాయి. అమెరికాలో కాంట్రెల్, మరో ఇద్దరు 2003లో చూపిందేమంటే, శిక్షణలో పిల్లలకు సైన్స్ చెప్పడానికి దొరికిన సమయం ఎక్కువైనవాళ్లలో నమ్మకం బాగా పెరిగింది. మన నిబంధనల ప్రకారం డిప్లొమాలో కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉండాలి. దాంట్లో పరిసరాల విజ్ఞానం పీరియడ్లెన్ని, వాటిలో పిల్లలు చేత్తో ఏదైనా పట్టుకున్నవెన్ని అన్నది ప్రతి రికార్డులోనూ లెక్కపెట్టుకోదగ్గ సంగతి. ఇక కార్ల్ వీట్లీ 2002లో ఎదురు వాదన చేశాడు. టీచర్‌కు తన మీద కాస్త సందేహం ఉండటం మంచిదే, ఆ సందేహం నేర్చుకోవడానికి దారి తీయగలదన్నాడు. నాకు ఇది ముఖ్యమనిపిస్తుంది. ప్రశ్నావళిలో మార్కు పెరగడమే గమ్యమైతే, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పే ధైర్యాన్ని కూడా మనం ప్రగతిగా లెక్కేస్తాం.

మన దేశంలో ఆ సందేహానికి చోటిచ్చిన ఒక సైన్స్ బోధన ప్రయత్నం 1972లో మధ్యప్రదేశ్ హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో మొదలై, 2002లో ప్రభుత్వం ఆపేదాకా ముప్పై ఏళ్లు నడిచింది. అవి ఆరు నుంచి ఎనిమిది తరగతులు, ప్రాథమిక బడులు కావు. అక్కడ పిల్లలు తమ ప్రశ్నలను "సవాలీరాం" అన్న కల్పిత మనిషికి ఉత్తరాలుగా రాసేవాళ్లు. టీచర్‌కు తెలియని ప్రశ్న అవమానం కాకుండా ఉత్తరమై వెళ్లేది. మన ఊళ్లలో జన విజ్ఞాన వేదిక వాళ్ల "చెకుముకి" పత్రిక చదివిన పిల్లలకు ఈ ధోరణి కొత్తగా అనిపించదు.

ఇక్కడి ఛాత్రోపాధ్యాయులను అడగాలంటే ఎలా అడగాలి? ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి పంచేస్తే చాలదు. ఆ 23 వాక్యాల్లో చాలా వ్యతిరేకార్థంలో ఉంటాయి. "నేను సైన్స్ సరిగా చెప్పలేను" అన్నదానికి "ఒప్పుకోను" అని గీత పెట్టడం తెలుగులో చదివేవాళ్లను తికమక పెడుతుంది. రెండు కాదనడాలు కలిస్తే అవునో కాదో ఆగి లెక్కేసుకోవాలి. పైగా ఇంటర్నల్ మార్కులు వేసే లెక్చరర్ ఎదురుగా నిలబడి ఫారాలు పంచితే "నాకు చేతకాదు" అని ఎవరు రాస్తారు? ఆడపిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. 2010లో సయాన్ బైలాక్ బృందం అమెరికాలో 17 మంది టీచరమ్మల తరగతుల్లో చూసినది ఇది: లెక్కలంటే ఆందోళన ఉన్న టీచర్ దగ్గర, లెక్కలు మగపిల్లలవని నమ్మడం మొదలుపెట్టిన ఆడపిల్లలు ఏడాది చివర వెనకబడ్డారు. అది లెక్కల సంగతి, చిన్న నమూనా. దాన్ని సైన్స్‌కు అంటగట్టలేం. అలాగని "మేడమ్‌కే రాదట" అని పిల్లలు ఇంటికి మోసుకెళ్లే మాటను తేలిగ్గా తీసుకోనూ లేం. అందుకే నేనైతే ఫారంతో మొదలుపెట్టను. ఒక పూత రెమ్మ చేతికిచ్చి, దీని గురించి నీకు తెలిసింది చెప్పమ్మా అంటాను. తర్వాత దీన్ని నాలుగో తరగతికి ఎలా చెబుతావంటాను. ఆ రెండు జవాబుల మధ్య గొంతు ఎక్కడ మారుతుందో వింటాను.

ఆ సాయంత్రం మేం చేసింది దాదాపు అదే. బడి వెనక చెట్టు నుంచి రెమ్మ తెచ్చి, భూతద్దం చేతికిచ్చాను. కాసేపు అటూ ఇటూ తిప్పి, "సార్, దీంట్లో పచ్చ చుక్క లేదు" అంది. ఇంకో పువ్వు తీసింది, ఇంకోటి తీసింది. మర్నాడు మొదటి పీరియడ్‌లో ఆ పాపను ముందుకు పిలిచి, నేల మీద పాత పేపరు పరిచి, చుక్క ఉన్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క పెట్టమంది. తరగతంతా చుట్టూ మూగింది. "చుక్క లేనివి కాయలవ్వవు. మరి ఉన్నవన్నీ ఎందుకు అవ్వవో నాకూ పూర్తిగా తెలీదు. ఇంటి దగ్గర అడిగి రండి" అంది. ఆ తర్వాతి రోజు పిల్లలు తెచ్చిన జవాబులను మందారం చార్టు కింద ఖాళీలో స్కెచ్ పెన్నుతో రాసింది: మంచు, తేనెమంచు పురుగు, బూడిద తెగులు, గాలి. చివర ఒక పిల్లాడు చెప్పింది కూడా రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది: చెట్టే రాల్చుకుంటుందట.